సున్నం తగలాల్సిన గోడ, తగలకూడని రాయి

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా చెప్తాను. కడప జిల్లాలోని మీ ఊరి పాత శివాలయానికి ఉగాదిలోపు సున్నం కొట్టించాలని ఆలయ కమిటీ తీర్మానించింది. ఊరి బడిలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు ఆ సమావేశంలో లేచి, “ఇది గుడిని శుభ్రం చేయడం కాదు, చరిత్రను వైట్‌వాష్ చేయడం” అన్నారు. కమిటీలో కొందరు ఆ మాటకు నొచ్చుకున్నారు. పెళ్లికీ పండుగకూ ఇంటికి కొట్టే సున్నం శుభానికి గుర్తు కదా, సున్నం పూతకు ఇంగ్లీషు పేరైన ‘వైట్‌వాష్’ నిందగా ఎట్లా మారింది, ఇంతకూ గుడికి సున్నం కొట్టించాలా వద్దా అని మీరు అడిగారు.

అనంతపురం, కడప జిల్లాల్లో పాత కట్టడాల మరమ్మతు పనుల్లో దశాబ్దాలుగా ఉన్నవాడిగా చెప్తున్నాను: మీ గుడిలో సున్నం తప్పనిసరిగా కావలసిన గోడలూ ఉన్నాయి, సున్నం చుక్క కూడా తగలకూడని రాళ్లూ ఉన్నాయి. రెండింటినీ ఒకే తీర్మానంలో కలిపి రాయడం వల్లనే ఈ తగవు వచ్చింది. ఉపాధ్యాయులవారి మాట మొదటి వాటి విషయంలో చెల్లదు, రెండో వాటి విషయంలో పూర్తిగా చెల్లుతుంది. కాస్త వివరంగా చెప్పకపోతే ఈ తేడా తెలియదు కాబట్టి సమాధానం పెద్దదవుతుంది, ఓపికగా చదవండి.

మన సీమకు సున్నం పరాయి వస్తువు కాదు. జమ్మలమడుగు, యర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వరకు భూమి కింద పరుచుకున్నది చాలావరకు సున్నపురాయే. మనం ఇళ్లలో పరిచే కడప బండ, నాపరాయి కూడా ఆ జాతివే. బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవు సాగింది నీళ్లు ఈ రాతిని యుగాల తరబడి కరిగించడం వల్లనే. సిమెంటు కర్మాగారాలు ఇటువైపు వరుసగా వెలిసింది కూడా ఈ రాతి కోసమే. ఆ రాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. నూరు కిలోల శుద్ధమైన రాయి కాలితే మిగిలేది 56 కిలోలు. దాన్ని నీళ్లలో వేస్తే కుతకుత ఉడికి, పొంగి, తెల్లని వెన్నలాంటి ముద్ద అవుతుంది. ఆ ముద్దను పలచన చేసి గోడకు పూస్తే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడును నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అంటే గోడమీద ఆరిన వెల్ల రంగు కాదు, కాగితమంత పలచని రాతిపొర. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, సున్నం ఎక్కడ మేలు చేస్తుందో, ఎక్కడ కీడు చేస్తుందో మిగతాదంతా దానంతట అదే తెలుస్తుంది.

గోడకు అది చేసే మేలు ఏమిటంటే, ఈ రాతిపొర నిండా కంటికి కనబడని రంధ్రాలు ఉంటాయి. గోడ లోపలి తేమ ఆ రంధ్రాల గుండా ఆవిరై బయటికి పోతుంది. మట్టి గోడకు, మట్టితో పేర్చిన రాతి గోడకు, గానుగ సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో, కట్టిన ఇటుక గోడకు ఇది ప్రాణంతో సమానం. పైకప్పు మీద చౌడుమట్టి పరిచిన పాత మిద్దెల్లో గోడలు తరాల తరబడి నిలిచింది ఏటేటా వేసిన ఈ పూత వల్లనే. తడి సున్నానికి క్షారగుణం చాలా ఎక్కువ కాబట్టి దానిమీద బూజు, చిన్న పురుగు నిలవలేవు. కలరా, ప్లేగు వచ్చిన రోజుల్లో ఇళ్లకు సున్నం కొట్టించింది అందుకే. మిద్దె పైన తెల్లగా కొడితే ఎండను తిప్పికొట్టి లోపల వేడి తగ్గుతుందని అనంతపురం వేసవిని ఎరిగినవారికి నేను చెప్పనక్కరలేదు.

అయితే ఈ మేలంతా పూతకు ముందు చేసే పని మీద ఆధారపడి ఉంటుంది. సున్నం పనిలో సగం కంటే ఎక్కువ భాగం కుంచె పట్టకముందే జరుగుతుంది. పాత పూత ఎక్కడ పొక్కిందో అరచేతితో తట్టి చూడాలి. బోలు శబ్దం వచ్చినచోటల్లా పెచ్చు ఊడదీయాలి. దుమ్ము, మసి, నూనె మరకలు గీకాలి. బీటలను అట్లాగే వదలకుండా వాటిని కొంచెం వెడల్పు చేసి, లోపల తడిపి, సున్నం ఇసుక కలిపిన గారతో నింపాలి. నెమ్ము ఎక్కిన గోడ అయితే ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో మొదట వెతకాలి. పైకప్పు నీళ్లు పోయే గొట్టం పగిలిందా, బయట నేల ఎత్తు పెరిగి మురికినీళ్లు గోడ అడుగున నిలుస్తున్నాయా, అభిషేకం నీళ్లు పోయే కాలువ పూడిందా అని చూడాలి. నెమ్ముతో పాటు ఉప్పు పైకి వచ్చి తెల్లగా పూసి ఉంటే దాన్ని పొడి బ్రష్షుతో దులిపి ఎత్తేయాలి గాని నీళ్లతో కడగకూడదు. కడిగితే ఆ ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది. ఇదంతా అయ్యాకనే కుంచె.

ఇక కొలతలు. మన దేశంలో సున్నం పూత పనికోసమే 1971లో ఐఎస్ 6278 అనే ప్రమాణ పత్రం వచ్చింది. కేంద్ర ప్రజాపనుల శాఖ నిర్దేశాలు కూడా దాదాపు ఆ దారిలోనే ఉంటాయి. కిలో కాల్చిన సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు చొప్పున కలిపి, కనీసం ఒక పగలూ రాత్రీ నాననిచ్చి, ముతక గుడ్డలో వడగట్టాలి. వడగట్టిన పది లీటర్ల సున్నపు పాలకు 40 గ్రాముల తుమ్మబంకను వేడినీళ్లలో కరిగించి పోయాలి. కిలో సున్నానికి మూడు గ్రాములకు మించకుండా నీలిమందు కలిపితే పసుపుఛాయ పోయి తెలుపు తేరుతుంది. నా వరకు నేను ఒక రోజు నానడం చాలదంటాను. వారం నానితే మరింత మేలు. ముఖ్యంగా వేంపల్లె వైపు రాతిలో మెగ్నీషియం పాలు ఎక్కువ, అటువంటి సున్నం నిదానంగా విరుగుతుంది, అంటే నీళ్లలో పూర్తిగా ఉడికి ముద్ద కావడానికి ఎక్కువ కాలం పడుతుంది. విరగని పలుకులు పూతలో మిగిలితే గోడమీదికి వెళ్లాక పొంగి, చిన్న చిన్న గుంటలుగా ఎగిరిపోతాయి. సున్నాన్ని నీళ్లలో వేయాలి, సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు. కుమ్మరిస్తే ఒక్కసారిగా ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం పాత్రలను సున్నం తినేస్తుంది కాబట్టి సిమెంటు తొట్టిగాని ప్లాస్టిక్ డ్రమ్ముగాని వాడాలి. పని చేసేవారికి కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే వెంటనే, చాలాసేపు, ధారగా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే చూపే పోవచ్చు.

పూత వేసే తీరు చూడాలంటే తాడిపత్రి వైపు బేల్దారి మేస్త్రుల దగ్గర చూడాలి. వారిలో ఒక పెద్దాయన కుర్రవాడికి చెప్పిన మాట నాకు ఇప్పటికీ పనికివస్తున్నది: “ముందు గోడకు నీళ్లు తాపాల నాయనా, ఆమైన సున్నం. దప్పిక మీద ఉండే గోడ నీ సున్నంలో నీళ్లు లాగేసుకుంటాది, పొడి మిగులుతాది.” ఆయన గోడను సాయంత్రం తడిపి, మరునాడు తెల్లవారుజామున మళ్లీ చిలకరించి, ఎండ ఎక్కకముందే పని ముగించేవారు. మొదటి పూత పాలకంటే పలచగా ఉండేది. వేసినప్పుడు ఏమీ వేసినట్లే కనబడదు, ఆరినకొద్దీ తెల్లబడుతుంది. కుంచెను ఒకసారి పైనుంచి కిందికి, వెంటనే కిందినుంచి పైకి, ఆ తడి ఆరకముందే కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి నడిపేవారు. కొత్త గోడకు మూడు పూతలు, పాతదానికి అవసరాన్ని బట్టి ఒకటో రెండో. మందంగా ఒక్కసారే కొట్టి చేతులు దులుపుకున్న పూత ఉగాదికి తెల్లగా ఉంటుంది, వినాయక చవితికి రాలిపోతుంది.

సున్నం బదులు ఎమల్షన్ పెయింటు వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుందని కమిటీలో ఎవరైనా అంటే, సిమెంటు గోడకైతే ఆ వాదన సరే. పాత మట్టి గోడకు, గానుగ సున్నం గోడకు మాత్రం అది ఊపిరి ఆడనీయని పొర. లోపల తేమ పోయే దారిలేక పెయింటు బొబ్బలెక్కుతుంది, వెనక గార మెత్తబడి ముద్దలుగా ఊడుతుంది. సిమెంటు పూత అంతకంటే చేటు. ఒకసారి పెయింటు వేసిన గోడకు మళ్లీ సున్నం పట్టదు కూడా.

ఇప్పుడు నింద సంగతికి వస్తాను. కొన్నేళ్ల కిందట ఒక ప్రభుత్వ పాఠశాలను పరిశీలించడానికి వెళ్లాను, పేరు అనవసరం. ఒక తరగతి గదిలో కిటికీ పైదూలం చివరినుంచి కప్పుదాకా వాలుగా బీట ఉందని అంతకుముందు నివేదికలో రాసి ఉంది. నేను వెళ్లేసరికి గది మల్లెపూవులా ఉంది, బీట లేదు. గోడ దగ్గరికి వెళ్లి చూస్తే సున్నం ఇంకా తడి ఆరలేదు. వేలితో రాస్తే ఆ వాలు గీత వెంబడి పూత లోపలికి దిగింది. బీటలోకి గార ఎక్కించలేదు, పునాది ఎందుకు కుంగిందో చూడలేదు, పైన తెల్లగా కొట్టారంతే. పూతకు బీటను పట్టి నిలిపే బలం ఉండదు కాబట్టి ఆ వానాకాలం నడిమికే గీత మళ్లీ తేలింది. ఆ గదిలో పిల్లలు కూర్చుంటారు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

రాజకీయాల్లో, పత్రికల్లో ‘వైట్‌వాష్’ అని నిందించేది సరిగ్గా ఈ పనినే. గీకడం, తట్టి చూడడం, బీట నింపడం అనే మొదటి సగాన్ని వదిలేసి, తెలుపు పూయడమనే రెండో సగాన్ని మాత్రమే చేయడం. కాబట్టి ఆ నింద సున్నానికి తగిలేది కాదు, పనిని సగానికి కోసినవారికి తగిలేది. ఒక విచారణ సంఘం నివేదిక వచ్చినప్పుడు అది నిజమైన విచారణా, వైట్‌వాషా అని తేల్చుకోవడానికి నేను ఆ కొలతనే వాడతాను. సాక్షులను పిలిచారా, కాగితాలు తెప్పించుకున్నారా, బాధితుల మాట రికార్డు చేశారా, కారణం తేల్చారా అని చూస్తాను. ఇవేవీ లేకుండా ‘ఎవరి తప్పూ లేదు’ అని తేలితే అది తడి ఆరని సున్నం. ఇవన్నీ చేశాక కూడా తప్పు లేదని తేలితే, మనకు నచ్చినా నచ్చకపోయినా, దాన్ని వైట్‌వాష్ అనకూడదు. మన వాదోపవాదాల్లో ఈ రెండో జాగ్రత్త బొత్తిగా కరువవుతున్నది.

ఈ అర్థం ఇంగ్లీషులో 18వ శతాబ్ది నాటికే ఉంది. దివాలా తీసినవాడు కోర్టు ద్వారా బాకీలనుంచి బయటపడడాన్ని కూడా అక్కడ ఆ మాటతోనే చెప్పేవారు. అంతకంటే చాలా పాత పోలిక బైబిలులో ఉంది. మత్తయి సువార్త 23వ అధ్యాయంలో యేసు ఆనాటి యూదు మతపెద్దలైన శాస్త్రులను, పరిసయ్యులను సున్నము కొట్టిన సమాధులతో పోలుస్తారు: బయట అందం, లోపల ఎముకలు. ఆ దేశంలో సమాధులకు సున్నం కొట్టింది దాచడానికి కాదు. సమాధిని తాకితే మైల అన్న నమ్మకం ఉండేది కాబట్టి, పస్కా పండుగకు వచ్చే యాత్రికులు దూరంనుంచే చూసి తప్పుకోవడానికని తెల్లగా కొట్టేవారు. హెచ్చరికగా వేసిన తెలుపు పోలికలోకి వచ్చేసరికి ముసుగైంది. మన తెలుగులో మోసానికి ‘మసిపూసి మారేడుకాయ చేయడం’ అంటాం, ‘పైన పటారం లోన లొటారం’ అంటాం. వెల్ల వేయడం మనకు ఎప్పుడూ మంచి పనే. కాబట్టి మీ కమిటీవారు నొచ్చుకోవడం సహజం. వారు పుట్టి పెరిగిన భాషలో ఆ మాటకు చెడు అర్థం లేదు.

ఆటల పేజీలో కనబడే ‘వైట్‌వాష్’ వేరు. సిరీస్‌లో అన్ని మ్యాచ్‌లూ ఓడడాన్ని అట్లా అంటారు. 2024లో న్యూజిలాండ్ మన గడ్డమీద మూడు టెస్టులూ గెలిచినప్పుడు తెలుగు పత్రికల్లో ఈ మాట మారుమోగింది. ఇతర జాతుల పాత్రలను తెల్లజాతి నటులతో వేయించడాన్ని కూడా హాలీవుడ్ గురించి రాసేవారు ఈ మాటతోనే విమర్శిస్తారు. మీ ఉపాధ్యాయులవారి ఉద్దేశం ఈ రెండూ కాదు.

ఆయన ఉద్దేశించిన ‘చరిత్రను వైట్‌వాష్ చేయడం’ ఎట్లా ఉంటుందో చూడడానికి మన సీమ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1876–78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను ఊడ్చిపెట్టింది. ఖర్చు తగ్గించడానికి వైస్రాయి లిట్టన్ 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాష్ట్రానికి పంపారు. కరువు పనుల్లో మట్టి మోసే మగవానికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం ప్రాతిపదికగా కూలి చాలునని టెంపుల్ నిర్ణయించారు. అది చాలునని కాగితం మీద వాదించడం సులువే. మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ విలియం కార్నిష్ దానికి ఒప్పుకోలేదు. కష్టం చేసే మనిషికి ఆ తిండి చాలదని, పప్పుదినుసులు కూడా కావాలని, బలహీనపడుతున్న మనుషుల శరీరాలనే సాక్ష్యంగా చూపి రాశారు. ఆ వాదన నిలిచి 1877లోనే కూలి కొంత పెంచారు. ఆ కరువు ఘోరం గురించి ఈరోజు మనకు ఇంత తెలుస్తున్నదంటే, కార్నిష్‌లాంటివారు గోడను తట్టి చూసి, బోలుగా ఉన్నచోట బోలుగా ఉందని రాసిపెట్టినందువల్లనే. టెంపుల్ కాగితాలు మాత్రమే మిగిలి ఉంటే మన పూర్వీకులకు కడుపునిండా తిండి దొరికిందని మనమూ నమ్మేవాళ్లం.

గుడి రాళ్లు కూడా అటువంటి కాగితాలే. మీ గుడి విజయనగర కాలానిదో అంతకంటే పాతదో అయితే, గర్భగుడి బయటి గోడ అడుగు పట్టెల మీద, మండప స్తంభాల మీద, ద్వారబంధాల మీద, ధ్వజస్తంభం దగ్గర నిలబెట్టిన బండ మీద శాసనాలు ఉండే అవకాశం చాలా ఎక్కువ. బండ పైభాగంలో సూర్యచంద్రుల బొమ్మలు చెక్కి ఉంటే కింద అక్షరాలు ఉండవచ్చునని గట్టిగా అనుమానించవచ్చు. ఎవరు ఏ చెరువు కింద ఎంత మాన్యం ఇచ్చారు, ఏ పన్ను మాఫీ చేశారు, అఖండ దీపానికి ఎవరు ఏమిచ్చారు అన్నవి అందులో ఉంటాయి. ఊరిపేరు పాతరోజుల్లో ఏమిటో చాలా సందర్భాల్లో అక్కడే తేలుతుంది. ఇచ్చిన భూమిని హరించినవాడు అరవైవేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడనే శాపశ్లోకం తరచూ చివర ఉంటుంది. ఆరవ శతాబ్ది నాటి కలమళ్ల శాసనం, తెలుగు మాట రాజు నోట రాతికెక్కిన తొలి ఆనవాళ్లలో ఒకటి, దొరికింది మీ జిల్లాలో, యర్రగుంట్ల పక్కనే. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు దత్తమండలాల్లో, అంటే మన సీమ జిల్లాల్లో, ఊరూరా తిరిగి కైఫీయతులు (ఊరి చరిత్రలు) రాయించుకున్నదీ ఇక్కడే. ఇటువంటి నేలమీద ఉండే గుడిలో ‘మా రాతిమీద ఏమీ లేదులే’ అని చూడకుండా అనుకోవడానికి వీల్లేదు.

సున్నం మళ్లీ రాయి అవుతుందని మొదట చెప్పాను. గోడమీద మేలు చేసే ఆ గుణమే చెక్కిన రాతిమీద కీడు చేస్తుంది. శాసన అక్షరం లోతు చాలా తక్కువ. పండుగకొక పూత చొప్పున తరాల తరబడి వేస్తే ఆ గాడి పూర్తిగా పూడిపోయి రాయి నున్నగా కనబడుతుంది. స్తంభం మీది నర్తకి కంటి రెప్పలు, వేళ్లు, గజ్జెలు ఒక్కొక్కటే మొద్దుబారి చివరికి అది మనిషా మొద్దా తెలియకుండా పోతుంది. నేను చూసిన ఒక మండపంలో స్తంభం అంచున పూత పెచ్చుగా లేచినచోట, చెక్కపుల్లతో నెమ్మదిగా కదిలిస్తే బొటనవేలంత పొర ఊడింది. దాని అంచులో తెలుపు, నీలం, జాజు, మళ్లీ తెలుపు చారలు వరుసగా ఉన్నాయి. దాని వెనక, పెచ్చుమీదనే, అక్షరం తిరగబడి అచ్చుపడి ఉంది. రాతిమీద ‘శ్రీ’ కనబడింది.

ఆ పూతలు వేసినవారిలో ఎవరూ ఏదీ దాచాలని వేయలేదు. భక్తితో, శుభ్రం కోసం, తమకు తెలిసిన మంచి పద్ధతిలో వేశారు. కొన్నిచోట్ల ఆ పొర కింద అక్షరం ఎండకూ వానకూ దక్కకుండా భద్రంగా ఉండిపోయిన సందర్భాలూ ఉన్నాయి. అందువల్ల ‘వైట్‌వాష్’ అనే మాటలో ఉండే దురుద్దేశపు ఆరోపణ మీ కమిటీకి తగదు. ఉపాధ్యాయులవారితో ఆ సంగతి చెప్పవచ్చు. అయితే కింద ఏముందో తెలిసే అవకాశం మన తాతలకు తక్కువ, మనకు ఎక్కువ. ఇకమీదట చూడకుండా పూస్తే మాత్రం ఆయన మాటకు జవాబు ఉండదు.

లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాలు కూడా రాతిమీద పరిచిన సున్నపు పూత మీదనే వేసినవి. ఒక కాలపు పూత మరో కాలానికి చరిత్ర కావచ్చు. అందుకే పాత పూత కింద రంగులు, గీతలు కనబడితే ఆ పొరను కూడా కదిలించకూడదు.

ఇక చేయవలసింది. మొదట మీ గుడి కేంద్ర పురావస్తు శాఖ లేదా రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమా అన్నది తెలుసుకోండి. రక్షిత కట్టడమైతే 1958 నాటి కేంద్ర చట్టం లేదా 1960 నాటి రాష్ట్ర చట్టం కిందికి వస్తుంది, వారి అనుమతి లేకుండా కుంచె పెట్టడానికి లేదు. కాకపోయినా దేవాదాయ శాఖ కింద ఉంటే వారికి రాతపూర్వకంగా తెలపండి.

రెండోది, చీకటి పడ్డాక ఒక టార్చిలైటు తీసుకుని గుడి చుట్టూ తిరగండి. వెలుతురును రాతికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, రాతికి ఆనించినంత వాలుగా వేయండి. పగలు నున్నగా కనబడే రాతిమీద పూడిన అక్షరాల గాడులు నీడలుగా లేస్తాయి. అట్లా అనుమానం వచ్చిన ప్రతి రాతినీ ఒక కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీసి, అది గుడిలో ఎక్కడ ఉందో కాగితం మీద గుర్తు వేయండి. ఈ పనికి మీ ఉపాధ్యాయులవారినే ముందు నిలబెట్టండి. ఆ ఫొటోలను మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపితే, వారు ఆ శాసనం ఇదివరకే నమోదైందో లేదో చూడగలరు. కొత్తదైతే తడి కాగితాన్ని రాతిమీద బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు.

మూడోది, రాతిమీది పాత సున్నాన్ని మీరే తీయించే ప్రయత్నం చేయవద్దు. ముఖ్యంగా యాసిడ్ వద్దు. సున్నాన్ని కరిగించే యాసిడ్ సున్నపురాతినీ కరిగిస్తుంది, మీ వైపు బండల్లో చాలా భాగం ఆ రాయే. ఇసుక చిమ్మే యంత్రం, ఇనుప బ్రష్షు, ఉలి కూడా వద్దు. తడిపి, నానబెట్టి, వెదురు పుల్లలతో, మెత్తని బ్రష్షులతో కొంచెం కొంచెంగా తీసే పని అది, నేర్చినవారి పర్యవేక్షణలోనే జరగాలి.

ఇవి పోగా మిగిలినవాటికి, అంటే ప్రాకారం గోడలకు, వంటశాలకు, గోపురం మీది ఇటుక గార భాగానికి, పూజారి ఇంటికి, పైన చెప్పిన పద్ధతిలో నిండు మనసుతో సున్నం కొట్టించండి. గోపురం మీద గారబొమ్మలు ఉంటే వాటిని తట్టి చూసి, విరిగినవాటిని సున్నపు గారతోనే బాగుచేయించి, ఆ తర్వాతే పూత వేయించండి. కూలీలు పని మొదలుపెట్టే రోజున రాతి భాగాలకు పాత చీరలో గోనెపట్టాలో కట్టించండి. చిమ్మిన సున్నం కూడా రాతిమీద పడితే రాయే అవుతుంది.

తీర్మానాన్ని రద్దు చేయనక్కరలేదు, సవరిస్తే చాలు. ‘గుడికి సున్నం కొట్టించడం’ అన్నచోట ‘ప్రాకారానికి, వంటశాలకు, గోపురపు గార భాగానికి, పూజారి ఇంటికి సున్నం కొట్టించడం, గర్భాలయం, మండపం, స్తంభాలు, నిలువు బండలు మొదలైన రాతి భాగాలకు సున్నంగాని రంగుగాని వేయకపోవడం, వాటిని ఫొటోలు తీయించి శాసన విభాగానికి పంపడం’ అని రాయించి, ఉపాధ్యాయులవారి సంతకం కూడా తీసుకోండి. ఉగాదికి ఎండలు ముదురుతాయి కాబట్టి ప్రాకారం పని నెలరోజుల ముందే, తెల్లవారుజామున, తూర్పు గోడతో మొదలుపెట్టించండి.